పింగాణీ కప్పులో అరవై ఎనిమిది

సభకు అధ్యక్షత వహిస్తున్న మా సంస్థ మేనేజింగ్ డైరెక్టరు గారికి, వారి పక్కనే ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్న న్యాయ సలహాదారు గారికి, ముప్పై ఒక్క ఏళ్లుగా నా సణుగుడు భరించిన కొలతల విభాగం మిత్రులకు, ఇరవై రెండు శాఖల్లోనూ కౌంటరు ఖాళీగా ఉంచకుండా ఎవరో ఒకరిని బతిమాలి నిలబెట్టి ఇంత దూరం వచ్చిన సోదరసోదరీమణులకు, మూడో వరుసలో చివరి కుర్చీ ఎంచుకుని, విసుగు పుడితే చప్పుడు కాకుండా లేచి వెళ్లిపోవచ్చునని ఆశపడుతున్న మావారికి నమస్కారం. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడినవాళ్లు నన్ను చాలా పొగిడారు. అందులో సగం తీసేసినా మిగిలినదానికి నేను సరితూగనని నాకు తెలుసు. మన శిక్షణ గది పెద్దాయన, మీరంతా బాయిలర్ బాబాయ్ అని పిలిచే మనిషి, నాకు మీరు చాటుగా పెట్టుకున్న పేరును ఈరోజు మైకులో చెప్పేశారు. డిగ్రీలమ్మ! ఆ పేరు నాకు పదిహేనేళ్ల కిందటే తెలుసునండీ. తెలియనట్టు ఉండటం కూడా ఉద్యోగధర్మమే అనుకున్నాను. (నవ్వులు) మావారైతే, "నువ్వు స్నానానికి నీళ్లు తోడితే తువ్వాలుతో పాటు రిపోర్టు కూడా ఇస్తావు" అని ముప్పై ఏళ్లుగా ఒకే జోకు వేస్తున్నారు. ఆ జోకు ఉష్ణోగ్రత మాత్రం ఏటేటా తగ్గుతూ వస్తోంది. (నవ్వులు)

మీరు బహూకరించిన ఈ బల్ల గడియారం చాలా బాగుంది. దీన్ని ఇక్కడ మైకు పక్కనే పెట్టుకుంటాను, ఎందుకంటే ఈరోజు నాకు దీనితో పని ఉంది. నాలుగు గంటల పది నిమిషాలైంది. నిబంధనల ప్రకారం నా ఉద్యోగం ఈ సాయంత్రం అయిదు గంటలకు ముగుస్తుంది. అప్పటిదాకా నా సంతకానికి విలువ ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. ఈ సంగతి నాకెంత బాగా తెలుసో న్యాయ సలహాదారు గారికీ అంత బాగా తెలుసు. అందుకే ఆ ఫైలును వారు కాఫీ కప్పు పెట్టుకోవడానికి కూడా పక్కన పెట్టలేదు.

అధ్యక్షులవారు అనుమతిస్తే ఆ ఫైలులో ఏముందో చెబుతాను. హాలులో చాలామందికి తెలుసు, కొందరికి గాలివార్తగా తెలుసు. గాలివార్త కంటే సరైన మాట మంచిది.

నాలుగు నెలల కిందట మన శాఖల్లో ఒకదాని వీధి కిటికీ దగ్గర ఒకావిడ రెండు కాఫీలు కొన్నారు. ఆవిడ దర్జీ. తమ్ముడు కారు నడుపుతున్నాడు, ఆవిడ పక్క సీట్లో కూర్చుని ఒక కప్పు తమ్ముడి కోసం చేత్తో పట్టుకుని, రెండోది ఒళ్లో పెట్టుకున్నారు. మొదటి మలుపు తిరిగేసరికి ఒళ్లో ఉన్న కప్పు మూత ఊడింది. కుడి తొడ కాలింది. మరోచోట చర్మం తీసి అక్కడ అతికించారు. కుట్టుమిషను తొక్కేది కుడికాలే కాబట్టి, నాలుగు నెలలుగా ఆ మిషను గుడ్డ కప్పుకుని ఉంది. ఆవిడ మన మీద వినియోగదారుల కోర్టులో కేసు వేశారు. సోమవారం విచారణ. ఆ ఫైలులో ఉన్నది కోర్టుకు ఇవ్వవలసిన ప్రమాణ పత్రం. ఆ రోజు ఆ శాఖలో కాఫీ అరవై ఎనిమిది డిగ్రీలు ఉందనీ, సంస్థ పరిమితి డెబ్బై కనుక అది పరిమితికి లోబడే ఉందనీ, కిటికీలోని అమ్మాయి మూత సరిగ్గా నొక్కకపోవడం, కొన్నావిడ కప్పును ఒళ్లో పెట్టుకోవడం ఈ ప్రమాదానికి కారణాలనీ అందులో రాశారు. కొలతల విభాగం అధిపతిగా నేను దానికింద సంతకం చేయాలి.

వకీలు గారిని తప్పుగా అనుకోకండి. వారు అందులో ఒక్క అంకె కూడా కల్పించలేదు. ఆ అరవై ఎనిమిది నా విభాగం ఇచ్చిందే. ఆ రోజు పట్టికలో ఉన్నది అదే.

బాబాయ్, తెచ్చారా? ఇటు ఇవ్వండి. కంగారేం లేదు, నిదానంగా రండి.

కింద శిక్షణ కౌంటరు బాయిలరు నుంచి, కిటికీ దగ్గర కొన్నవాళ్లకు ఇచ్చినట్టే, కాగితం కప్పులో మూత పెట్టి ఒక కాఫీ తెమ్మని బాబాయిని నిన్ననే అడిగాను. "సభలో ప్రయోగాలు ఏంటమ్మా, హాయిగా నాలుగు మాటలు చెప్పి దిగొచ్చు కదా" అన్నారు. "నాకు వచ్చింది ఇదొక్కటే బాబాయ్" అన్నాను. మూత తీయను. తాగడానికి ఉన్న ఈ చిన్న కంతలోంచే థర్మామీటరు పుల్ల దించుతున్నాను. రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే మన చెల్లాయి ఇక్కడికి వచ్చి అంకె చదువుతుంది. రామ్మా. కళ్లజోడు పెట్టుకో. ఎంత?

("ఎనభై రెండు, మేడమ్.")

మైకులో చెప్పు తల్లీ, వెనక వరుసకు వినబడాలి.

("ఎనభై రెండు.")

ఇప్పుడు మన పరీక్ష పద్ధతి ప్రకారం చేద్దాం. కాఫీని కాగితం కప్పులోంచి ఈ మందపాటి పింగాణీ కప్పులోకి పోయాలి. పోశాను. మూత పెట్టకుండా రెండు నిమిషాలు ఉంచాలి. ఆ తర్వాత చదవాలి. చెల్లాయీ, గడియారం చూస్తూ ఉండు.

("మేడమ్, ఇది వీడ్కోలు సభ, విచారణ కాదు..." అని న్యాయ సలహాదారు లేచారు.)

కూర్చోండి వకీలు గారూ, రెండు నిమిషాలే. కాఫీకి ఇస్తున్న వ్యవధే నాకూ ఇవ్వండి. (కొద్దిగా నవ్వులు)

ఈ రెండు నిమిషాల్లో మీకొక సంగతి చెబుతాను. మూడు వారాల కిందట నేను ఆ దర్జీ ఆవిడ ఇంటికి వెళ్లాను. అధ్యక్షులవారికి ఇది కొత్త విషయం, నాకు తెలుసు. చెప్పకుండా వెళ్లడం తప్పే, క్షమించండి. నేను మన అంకె మీద నమ్మకంతోనే వెళ్లాను. అరవై ఎనిమిది డిగ్రీలకు గాయం అంత లోతుగా ఎలా అయిందో నాకు అంతుపట్టలేదు. ఆవిడ ఏదైనా దాస్తున్నారేమోనని అనుమానం కూడా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. ముందు గదిలో కత్తెర, సుద్దముక్కలు, గోడకు వేలాడుతున్న కొలతల టేపు. ఆవిడ ఒకవైపుకు ఒరిగి కూర్చుని చేత్తోనే గుండీలు కుడుతున్నారు. నేనెవరో చెప్పాను. తలెత్తలేదు.

"కంపెనీ ఆవిడవా? కూర్చో. అరవాలనుంది గానీ నోట్లో సూది ఉంది" అన్నారు.

సూది తీశాక కూడా అరవలేదు. నేను నా పట్టిక చూపించి, మేం రోజూ కొలుస్తామనీ, ఆరోజు అరవై ఎనిమిదే ఉందనీ చెప్పాను. ఎలా కొలుస్తారని అడిగారు. చెప్పాను. పింగాణీ కప్పు, రెండు నిమిషాలు. ఆవిడ దారం కొరికి, నా వంక మొదటిసారి సరిగ్గా చూశారు.

"అక్కా, నేను నడుం కొలత తీసేటప్పుడు కొందరు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. ఆ కొలతతో కుడితే నా టేపు అబద్ధం చెప్పినట్టు కాదు, కానీ ఆ బట్ట ఇంటికెళ్లి కూర్చోగానే పిగిలిపోతుంది. మీరు కూడా మీ కాఫీని ఊపిరి బిగబట్టించి కొలిచారు. నా ఒళ్లోకి వచ్చింది పింగాణీ కప్పా?"

ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం, అన్ని శిక్షణలు, గోడ మీద అన్ని ప్రశంసాపత్రాలు ఉన్నదాన్ని, ఆ మనిషి ముందు నా పట్టిక మడిచి సంచీలో పెట్టుకున్నాను.

టైమైందా? చదువమ్మా.

("అరవై ఎనిమిది... పాయింట్ మూడు.")

అరవై ఎనిమిది. అదే కాఫీ, అదే థర్మామీటరు. రెండు అంకెలూ సరైనవే. మొదటిది కొన్నవాళ్ల చేతికి వెళ్లేది, రెండోది మన పట్టికలోకి వెళ్లేది.

అరవై ఎనిమిది క్షేమమని నేను అనడం లేదు, దయచేసి ఆ మాట ఎవరూ రాసుకోవద్దు. అరవై డిగ్రీల దగ్గర చర్మం లోతుగా కాలడానికి అయిదారు సెకన్లు పడుతుంది, ఆలోపు మనిషి లేచి దులుపుకోవచ్చు. అరవై ఎనిమిది దగ్గర సెకను, మహా అయితే ఇంకొంచెం. ఎనభై రెండు దగ్గర లెక్కపెట్టేంత వ్యవధి ఉండదు. అందులోనూ సీటుబెల్టు పెట్టుకున్న మనిషి లేవలేదు.

ఇక ఈ పొరపాటు ఎవరిది అన్న సంగతికి వస్తాను. అధ్యక్షులవారూ, మీరు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు, ఎందుకంటే ముందు నాది చెబుతాను.

నేను చేరిన కొత్తలో మనకు మూడు కొట్లు ఉండేవి. అన్నిటిలోనూ జనం కూర్చుని తాగేవారు. ఈ పింగాణీ కప్పులోనే ఇచ్చేవాళ్లం. బల్ల దగ్గరికి తీసుకెళ్లేసరికి, వాళ్లు పంచదార కలుపుకుని కబుర్లలో పడేసరికి రెండు నిమిషాలు అయ్యేది. అందుకని అదే కప్పులో, రెండు నిమిషాల తర్వాత కొలవాలని నేనే రాశాను. అప్పటికి అది మంచి పద్ధతి. పదకొండేళ్ల కిందట వీధి కిటికీలు వచ్చాయి. కాగితం కప్పులు, మూతలు వచ్చాయి. ఆఫీసుకు చేరేలోపు కాఫీ చల్లారిపోతోందని ఫిర్యాదులు వచ్చి బాయిలర్ల వేడి పెంచారు. పెంచే ముందు నా అభిప్రాయం అడిగారు, ఆ మర్యాద తప్పలేదు. నేను పింగాణీ కప్పు తెచ్చి, రెండు నిమిషాలు ఆగి, కొలిచి, పరిమితి లోపలే ఉందని రాశాను. ఆ పత్రంలో చివరి గడి "పరీక్ష పద్ధతి" అని ఉంటుంది. దానికి ఎదురుగా నా చేతిరాతతో రెండే మాటలు ఉన్నాయి: "మార్పు లేదు." నిన్న పాత బీరువాలోంచి తీసి చూసుకున్నాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

కొన్నవాళ్ల చేతిలో కప్పు మారింది, నా బల్ల మీద కప్పు మారలేదు. పదకొండేళ్లు ఎవరూ అడగలేదు. నేను అడగవలసినదాన్ని, అడగలేదు.

దర్జీ ఆవిడ ఇంటి నుంచి తిన్నగా మన శాఖలకు వెళ్లాను. అయిదు శాఖలు, అన్నిచోట్లా మామూలు మనిషిలా వరుసలో నిలబడి కొనుక్కున్నాను. ఒకచోట మన కౌంటరు తమ్ముడు నన్ను గుర్తుపట్టి, "మేడమ్, మీకెందుకండీ వరుస!" అంటే, "గుర్తుపట్టనట్టు ఉండు బాబూ, పుణ్యముంటుంది" అని బతిమాలుకున్నాను. (నవ్వులు) ఎనభై ఒకటి, ఎనభై మూడు, ఎనభై రెండు, ఎనభై రెండు, ఎనభై నాలుగు. ఆ తర్వాత మూతల సంగతి చూశాను. పది కప్పులకు నేనే నా చేతులతో, చప్పుడు వినిపించేలా, అంచు చుట్టూ వేలుతో తడిమి మరీ మూతలు నొక్కాను. నిమిషం తిరిగేలోపే ఆ ఆవిరికి మెత్తబడి మూడు మూతలు వదులయ్యాయి. అరవై డిగ్రీల కాఫీతో చేస్తే ఒక్కటీ వదులు కాలేదు. కాబట్టి కిటికీలోని ఆ అమ్మాయి మూత సరిగ్గా నొక్కలేదన్న వాక్యాన్ని నేను ఒప్పుకోలేను. ఆ అమ్మాయిని నాలుగు నెలలుగా ఇంట్లో కూర్చోబెట్టారు. తను సరిగ్గా నొక్కిందో లేదో తనకే అనుమానం పట్టుకుందట. ఆ బరువు తనది కాదు.

వకీలు గారు నాతో నిన్న ఒక మాట అన్నారు, న్యాయంగానే అన్నారు. "మూత మీద హెచ్చరిక ఉంది కదా మేడమ్" అని. ఉంది. తెల్ల మూత మీద తెల్ల అక్షరాలు, ఉబ్బెత్తుగా. నేను కళ్లజోడు పెట్టుకుని కూడా వేలితో తడిమి చదివాను. "వేడిగా ఉంటుంది" అని ఉంది. కాఫీ వేడిగా ఉంటుందని ఆవిడకు తెలుసు. వేడిగా ఉండాలనే కొన్నారు. చర్మం ఊడేంత వేడి అని ఆవిడకు తెలియదు. ఆ సంగతి తెలియవలసినవాళ్లం మనం. మనకూ తెలియకుండా నేను ఏర్పాటు చేశాను.

"పోనీ, ఇంతకుముందు ఎవరికీ కాలలేదు కదా" అని కూడా అన్నారు. ఆ సంగతి నేను పోయినవారమే ఫిర్యాదుల విభాగానికి వెళ్లి అడిగాను. కాఫీ ఒలికి కాలిందని రాసిన చీటీలు నలభై ఒకటి ఉన్నాయి. అన్నిటికీ ఒకే జవాబు వెళ్లింది: "మా పరీక్షల ప్రకారం ఉష్ణోగ్రత పరిమితి లోపలే ఉంది, దయచేసి జాగ్రత్తగా పట్టుకోండి." నలభై ఒక్కసార్లు నా అంకెను అడ్డం పెట్టుకుని కాలినవాళ్లనే మందలించాం. ఆ చీటీల్లో ఒక్కటి నా బల్ల మీదికి వచ్చి ఉంటే బాగుండేదని అనుకోవడం తేలిక. నేను లేచి వెళ్లి అడిగినా బాగుండేది, రెండు గదుల అవతలే కదా.

(మంచినీళ్లు తాగారు.)

అధ్యక్షులవారూ, మీరు నా పట్ల ఎప్పుడూ దయగానే ఉన్నారు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండు నెలలు, సెలవులు మిగలకపోయినా ఒక్క ప్రశ్న వేయకుండా పంపించారు. నేను మరిచిపోలేదు, మరిచిపోను. ఉద్యోగ విరమణ తర్వాత సలహాదారుగా రెండేళ్లు ఉండమన్నారు. ఆ మాట నాకు గౌరవం. ఇప్పుడు ఆ మాట మీరు వెనక్కి తీసుకున్నా మీ మీద నా గౌరవం తగ్గదు. కానీ ఆ ఫైలులోని కాగితం మీద నేను సంతకం చేయలేను. అందులో ఉన్న అంకె నిజం, దానితో చెప్పిస్తున్నది నిజం కాదు.

దాని బదులు వేరే కాగితం ఈ ఉదయమే రాసి సంతకం చేశాను. కోర్టుకు ఒక ప్రతి, మీకొక ప్రతి, వకీలు గారికొక ప్రతి. రెండు అంకెలూ ఉన్నాయి, పది మూతల పరీక్ష ఉంది, "మార్పు లేదు" అన్న నా చేతిరాత కాగితం జతచేసి ఉంది. కోర్టు ప్రతి ఇంకా నా సంచీలోనే ఉంది. మీకు తెలియకుండా పంపడం ఇష్టంలేక ఉంచాను. ఈ సభ అయ్యాక నేరుగా వెళ్లి ఇస్తాను. మీరు అదే మాట సంస్థ తరఫున ముందుగా చెప్పదలిస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. తప్పు మాదేనని చెప్పి ఆవిడకు రావలసింది ఇవ్వడం ఎలాగో వకీలు గారికి తెలుసు. అది కూడా వారి విద్యలో భాగమే కదండీ.

ఇంకొక కాగితం ఉంది. ఉష్ణోగ్రత ఆదేశాలు జారీ చేసే అధికారం అయిదు గంటలదాకా నాదే. ఈ మధ్యాహ్నం రెండు గంటలకు ఒకటి జారీ చేశాను. ఈ సాయంత్రం అయిదు నుంచి ఇరవై రెండు శాఖల్లోనూ బాయిలర్ల వేడి తగ్గించాలి. కాగితం కప్పులో, మూతపెట్టి, కిటికీ దగ్గరే కొలవాలి. అరవై దాటితే ఆ కిటికీ మూసేయాలి. (హాలులో కలకలం) తెలుసు, తెలుసు. "చల్లటి కాఫీ అమ్ముతారట" అని జనం నవ్వుతారు, అమ్మకాలు పడిపోతాయని మీరు భయపడుతున్నారు. పడిపోవచ్చు. రేపు ఉదయం మీరు ఈ ఆదేశాన్ని రద్దు చేయవచ్చు కూడా, నిబంధనల్లో దారి ఉంది. కాకపోతే, రద్దు చేస్తున్నట్టు దానికింద ఒక సంతకం కావాలి. నా సంతకం అప్పటికి చెల్లదు కాబట్టి అది వేరేవాళ్లు పెట్టాలి. పెట్టేముందు చెల్లాయిని పిలిచి, మైకు లేకపోయినా సరే, ఆ మొదటి అంకె ఇంకోసారి చదివించుకోండి.

చెల్లాయీ, ఇలా రా. ఈ థర్మామీటరు నీది. ఈ పింగాణీ కప్పు మాత్రం నీకివ్వను. మా ఇంట్లో కాఫీ తాగుతాను దీంతో, అందుకు ఇది చక్కగా పనికొస్తుంది. (నవ్వులు) భయపడుతున్నావు కదూ? ఇందాక మొదటిసారి మెల్లగా చెప్పావు, రెండోసారి గట్టిగా చెప్పావు. అంతకంటే ఎక్కువ ఈ ఉద్యోగం అడగదు.

బాబాయ్, మీ మోకాళ్లతో అన్ని మెట్లు ఎక్కించాను, ఏమీ అనుకోకండి. శాఖల నుంచి వచ్చినవాళ్లంతా, దయచేసి అయిదింటికి ముందే ఫోన్లు చేసి బాయిలర్ల దగ్గర మనిషిని ఉంచండి. మీ ముందున్న కప్పుల్లో కాఫీ ఇప్పటికి తాగే వేడికి వచ్చి ఉంటుంది, నిశ్చింతగా తాగండి. మావారు ఇంకా లేచి వెళ్లలేదని గమనించాను, అందుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఇన్నేళ్లు నన్ను భరించినందుకు, ఈ ముప్పావుగంట మరీ ఎక్కువగా భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు.

ఆరోజు వచ్చేసేముందు ఆ దర్జీ ఆవిడను, నాకొక కోటు కుట్టిపెడతారా అని అడిగాను. ఉద్యోగం అయిపోయాక ఈ కొలతల గది తెల్లకోటు కాకుండా వేరే రంగుది ఒకటి వేసుకోవాలని ఎప్పటినుంచో కోరిక. "ఇప్పుడు కొలత తీస్తే మీవాళ్లు లంచమంటారక్కా. కేసు తేలనీ, నా కాలు మిషను మీదికి రానీ, అప్పుడు రా. నిలబడేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టకు" అన్నారు.

ఈ గడియారంలో అయిదుకు ఏడు నిమిషాలు తక్కువుంది. కోర్టు ఆఫీసు అయిదున్నరదాకా తెరిచి ఉంటుంది, నడిచి వెళ్తే పావుగంట. అధ్యక్షులవారు నాతో వస్తానంటే కారులో అయిదు నిమిషాలు. గుమ్మం దగ్గర రెండు నిమిషాలు ఆగుతాను.

సెలవు.